పన్ను తక్కువే, టీ చౌకే: అమెరికా కాలనీలు ఎందుకు తిరగబడ్డాయి?

అమెరికా పౌరసత్వ పరీక్ష కోసం 2008లో తయారైన 100 ప్రశ్నల పట్టికలో ఒక ప్రశ్న ఉంది: కాలనీల ప్రజలు బ్రిటిష్ వారితో ఎందుకు పోరాడారు? దానికి మూడు జవాబులు ఇచ్చారు. అధిక పన్నులు, సైనికులు ఇళ్ళలో మకాం పెట్టడం, స్వపరిపాలన లేకపోవడం. ఏ ఒక్కటి చెప్పినా సరిపోతుంది. గ్రీన్‌కార్డు దాటి ఆ పరీక్ష దాకా వెళ్ళిన తెలుగువాళ్ళు ఎందరో వీటిని బట్టీపట్టి అప్పజెప్పినవాళ్ళే. 2026 జూలై 4కి స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్ళు కాబట్టి ఈ జవాబులు మళ్ళీ మళ్ళీ వినబడుతున్నాయి.

చిక్కేమిటంటే, మొదటి జవాబు లెక్కలకు నిలవదు. రెండోది చాలావరకు పుకారు. మూడోదాన్ని తిరగేసి చదవాలి.

క్లుప్తంగా చెప్పాలంటే: గొడవ పన్ను ఎంత అన్నదాని మీద రాలేదు, ఆ డబ్బుతో జీతాలు ఎవరు ఇస్తారన్నదాని మీద వచ్చింది. చాలా కాలనీల్లో గవర్నర్‌ను రాజు నియమించేవాడు, జీతం మాత్రం స్థానిక అసెంబ్లీ ఇచ్చేది. ఆ ఒక్క పట్టుతోనే కాలనీలు దశాబ్దాల పాటు తమ వ్యవహారాలు తామే చూసుకున్నాయి. 1763 తర్వాత లండన్ ఆ పట్టు విడిపించబోయింది. టీ సుంకం అందుకు వాడిన పనిముట్టు.

పదమూడు కాలనీలు, రకరకాల ఏలుబడి

1607లో వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌తో మొదలై 1730లలో జార్జియాతో ముగిసిన ఈ 13 కాలనీలను ఒకే దేశంగా ఊహించుకుంటే కథ అర్థం కాదు. కనెక్టికట్, రోడ్ ఐలండ్ కాలనీలు గవర్నర్లను తామే ఎన్నుకునేవి. పెన్సిల్వేనియా పెన్ కుటుంబానికి, మేరీలాండ్ బాల్టిమోర్ ప్రభువులకు దాదాపు సొంత జాగీర్లు. మిగతావాటిలో ఎక్కువ భాగం రాజు కింద ఉండేవి. 1754లో ఆల్బనీ నగరంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అందరినీ ఒక గొడుగు కిందికి తెచ్చే పథకం పెడితే ఒక్క అసెంబ్లీ కూడా ఒప్పుకోలేదు. లండన్‌కూ అది నచ్చలేదు. ఇరవై ఏళ్ళలో వీళ్ళంతా ఒక్కటవుతారని ఆ రోజు ఎవరైనా అని ఉంటే నవ్విపోయేవారు.

1775 నాటికి జనాభా సుమారు 25 లక్షలు. అందులో ఇంచుమించు అయిదో వంతు ఆఫ్రికన్ బానిసలు. సౌత్ కరోలినాలో వరి, నీలిమందు తోటల్లో పనిచేసే బానిసల సంఖ్య తెల్లవారికంటే ఎక్కువ. అన్నింటికన్నా పెద్ద నగరమైన ఫిలడెల్ఫియాలో ఉన్నది 30 వేల మందే, బోస్టన్‌లో 16 వేలు. మిగిలినదంతా పల్లెలు, పొలాలు. ఓడ చార్జీ కట్టలేక నాలుగు నుంచి ఏడేళ్ళు వెట్టిగా పనిచేస్తామని కాగితం రాసిచ్చి వచ్చిన తెల్లవాళ్ళూ లెక్కలేనంత మంది. ఆ గడువు తీరితే వాళ్ళు స్వేచ్ఛాజీవులు. బానిసకు ఆ గడువు లేదు, బానిస పిల్లలకూ లేదు.

ఓటు, దాని వెంట మందు

1619లోనే వర్జీనియాలో ఎన్నికైన సభ కూడింది. ఆఫ్రికన్లు ఆ కాలనీకి మొదటిసారి వచ్చిందీ ఆ ఏడాదే. భూమి ఉన్న మగవాళ్ళకు మాత్రమే ఓటు. అయినా భూమి చౌక కాబట్టి ఇంగ్లండ్‌తో పోలిస్తే తెల్ల మగవాళ్ళలో ఓటున్నవాళ్ళ వాటా బాగా ఎక్కువ.

వర్జీనియాలో రహస్య ఓటు లేదు. ఓటరు అందరి ముందూ నిలబడి ఎవరికి వేస్తున్నాడో బిగ్గరగా చెప్పాలి. ఎదురుగా కూర్చున్న అభ్యర్థి లేచి కృతజ్ఞత చెప్పేవాడు. 1758లో ఫ్రెడరిక్ కౌంటీ నుంచి పోటీ చేసిన జార్జ్ వాషింగ్టన్ ఆ సమయానికి సైన్యంతో దూరాన ఉన్నాడు. ఆయన తరఫు మనుషులు ఓటర్లకు పోయించిన రమ్ము, పంచ్, వైన్, బీరు 140 గ్యాలన్లు దాటింది. ఓటేసినవాళ్ళు 400 మంది లోపే. వాషింగ్టన్ సులువుగా నెగ్గాడు. తెలుగు పాఠకులకు ఇందులో కొత్త ఏమీ కనిపించకపోవచ్చు.

ఇలా నెగ్గి వచ్చినవాళ్ళు పెద్ద భూస్వాములు, వ్యాపారులు, లాయర్లు. అసెంబ్లీ అంటే ప్రజలందరి సభ కాదు, స్థానిక పెద్దల సభ. లోపలి కొండ ప్రాంతాల చిన్న రైతులకు ఈ సభల మీదే మంట ఉండేది. నార్త్ కరోలినాలో అక్రమ ఫీజులు, పన్నుల మీద తిరగబడ్డ రైతులను 1771లో అలమాన్స్ దగ్గర అణచివేసింది బ్రిటన్ నుంచి దిగిన పటాలం కాదు, గవర్నర్ ట్రయాన్ నడిపించిన స్థానిక మిలీషియా (అవసరమైనప్పుడు ఆయుధం పట్టే ఊరి జనం దళం). కాలనీల రాజకీయాన్ని రాజుకూ ప్రజలకూ మధ్య తగాదాగా మాత్రమే చూస్తే ఈ ముక్క జారిపోతుంది.

జీతం ఆపితే గవర్నర్ ఏం చేస్తాడు?

1728 వేసవిలో విలియం బర్నెట్ మసాచుసెట్స్ గవర్నర్‌గా బోస్టన్‌లో దిగాడు. ఏటా 1,000 పౌండ్ల స్టెర్లింగ్ స్థిర జీతం అసెంబ్లీ చేత ఖాయం చేయించాలన్నది లండన్ నుంచి ఆయన వెంట తెచ్చుకున్న ఆజ్ఞ. డబ్బివ్వడానికి సభకు అభ్యంతరం లేదు. ఏ ఏటికి ఆ ఏడు గ్రాంటుగా ఇస్తామంది, శాశ్వతంగా మాత్రం ఇవ్వనంది. ఇచ్చిన గ్రాంటును బర్నెట్ తిరగ్గొట్టాడు. బోస్టన్ జనమే సభ్యులను ఎగదోస్తున్నారని అనుమానించి సభను సేలంకు మార్చాడు (మన పక్కనున్న సేలం కాదు, బోస్టన్‌కు ఉత్తరాన ఉన్న రేవు). అక్కడా సభ్యులు అదే మాట. ఆ తర్వాత కేంబ్రిడ్జికి మార్చాడు. 1729 సెప్టెంబరులో బండి బోల్తాపడి నీళ్ళలో తడిసి, జ్వరం వచ్చి చనిపోయేదాకా ఈ పంతం తెగలేదు. ఆయన తర్వాత వచ్చిన బెల్చర్ కాలంలో లండనే దిగివచ్చి ఏడాదికోసారి ఇచ్చే గ్రాంటు తీసుకోవడానికి అనుమతిచ్చింది.

ఈ పట్టుదల వెనుక లెక్క తేలికే. గవర్నర్‌కు కాగితం మీద అధికారాలు బోలెడు. సభను రద్దు చేయగలడు, బిల్లును తిప్పికొట్టగలడు. కానీ వచ్చే ఏడాది జీతం ఈ సభే ఇవ్వాలి. సభ కోరిన బిల్లు మీద సంతకం పెట్టాకే గ్రాంటు పాస్ కావడం మామూలైపోయింది. వర్జీనియాలో మాత్రం 1680లోనే ఎగుమతయ్యే ప్రతి పొగాకు పీపా మీద రెండు షిల్లింగుల శాశ్వత సుంకం వేసి, అందులోంచి గవర్నర్ జీతం ఇచ్చే ఏర్పాటు చేసేశారు. అక్కడి గవర్నర్లు అందుకే కాస్త తల ఎత్తుకుని తిరిగారు. లండన్ అధికారులు మిగతా చోట్ల కూడా ఇదే కావాలనుకున్నారు.

ఒక్క పెన్నీ తీర్పు

వర్జీనియా అసెంబ్లీ చేతిలో మరో రకం పట్టు ఉండేది. అక్కడ నాణేల కొరత. పొగాకే డబ్బు. ప్రభుత్వ చర్చి పాదిరీల జీతం ఏటా 16,000 పౌండ్ల బరువు పొగాకు, అంటే ఏడు టన్నుల పైచిలుకు. 1758లో వాన లేక పంట పోయి, పౌండు రెండు పెన్నీలున్న పొగాకు ధర ఆరు పెన్నీల దాకా ఎగబాకింది. పొగాకుగా ఇవ్వాల్సినవన్నీ పౌండుకు రెండు పెన్నీల చొప్పున నగదుగా తీర్చేయొచ్చని అసెంబ్లీ చట్టం చేసింది. పంట బాగా పండి ధర పడిపోయిన ఏడు మా నష్టం ఎవరూ పూడ్చలేదే, పెరిగిన ఏడు మాత్రం కోత పెడతారా అని పాదిరీలు లండన్ వెళ్ళి మొరపెట్టుకున్నారు. 1759లో రాజు ఆ చట్టాన్ని కొట్టేశాడు.

జేమ్స్ మోరీ అనే పాదిరీ బకాయి కోసం హానోవర్ కౌంటీ కోర్టుకెక్కాడు. చట్టం చెల్లదని కోర్టు ఒప్పుకుంది. నష్టపరిహారం ఎంతో జ్యూరీ తేల్చాలి. 1763 డిసెంబరు 1న ఎదుటి పక్షం తరఫున వాదించింది 27 ఏళ్ళ ప్యాట్రిక్ హెన్రీ. జడ్జి కుర్చీలో ఉన్నది ఆయన తండ్రే. ప్రజలకు మేలు చేసే చట్టాన్ని కొట్టేసిన రాజు తండ్రిలాంటి రాజు కాడు, నియంత అవుతాడని హెన్రీ అన్నాడు. గదిలో రాజద్రోహం అన్న అరుపులు లేచాయి. జ్యూరీ అయిదు నిమిషాల్లోపే తిరిగి వచ్చింది. పరిహారం: ఒక్క పెన్నీ.

పాదిరీల వైపు న్యాయం లేకపోలేదు. కానీ ఈ తీర్పు లండన్‌కు మరో విషయం చెప్పింది: రాజు ఆజ్ఞ చెల్లిందని కోర్టు తేల్చినా, ఊరి జ్యూరీ దాన్ని పనికిరాకుండా చేసేయగలదు. స్మగ్లింగ్ కేసుల్లోనూ ఇదే తంతు. పొరుగువాణ్ణి శిక్షించే జ్యూరీ దొరికేది కాదు. 1764 నుంచి జ్యూరీ లేని నౌకా న్యాయస్థానాలను లండన్ ఎందుకు బలపరిచిందో ఇక్కడినుంచి అర్థమవుతుంది.

యుద్ధం గెలిచాక వచ్చిన బిల్లు

1763లో ముగిసిన ఏడేళ్ళ యుద్ధంలో బ్రిటన్ ఫ్రాన్సును ఓడించి కెనడా తీసుకుంది. అప్పు మాత్రం దాదాపు రెట్టింపై 13 కోట్ల పౌండ్ల దగ్గరకు చేరింది. అమెరికాలో సుమారు 10,000 మంది సైనికులను శాశ్వతంగా ఉంచాలనుకుంది. ఆ ఖర్చులో కొంత కాలనీలే భరించాలని లండన్ అనడం మరీ అన్యాయమేమీ కాదు. బ్రిటన్‌లో ఉన్నవాడు కట్టే పన్నులో చిన్న వాటా కూడా కాలనీలవాడు కట్టడం లేదు.

1733 నుంచి విదేశీ బెల్లపు పాకం మీద గ్యాలన్‌కు ఆరు పెన్నీల సుంకం పుస్తకాల్లో ఉండేది. రమ్ము కాచేవాళ్ళు కస్టమ్స్ అధికారి చేయి తడిపి సరుకు దించేసుకునేవారు. 1764లో దాన్ని మూడు పెన్నీలకు తగ్గించి, ఈసారి గట్టిగా వసూలు చేస్తామన్నారు. సుంకం సగమైంది, గోల రెట్టింపైంది. మరుసటి ఏడు స్టాంపు చట్టం. పత్రికలు, కోర్టు కాగితాలు, లైసెన్సులు, పేకముక్కలు, పాచికలు, చివరికి కాలేజీ పట్టా కూడా స్టాంపు కాగితం మీదే ఉండాలి. దెబ్బ నేరుగా తగిలింది లాయర్లకు, పత్రికలవాళ్ళకు. మాట చలామణీ చేయగల రెండు వర్గాలనూ ఒకే చట్టంతో శత్రువులను చేసుకోవడం లండన్ రాజకీయ తెలివికి గొప్ప మచ్చుతునక కాదు. స్టాంపులు పంచాల్సిన ఏజెంట్లలో చాలామంది జనానికి భయపడి 1765 నవంబరు 1 గడువుకు ముందే ఒక్కొక్కరుగా రాజీనామా చేశారు. స్టాంపులు కొద్దిగానైనా అమ్ముడైంది జార్జియాలోనే. 1766లో చట్టం రద్దయింది.

‘ప్రాతినిధ్యం లేనిదే పన్ను లేదు’ అన్న నినాదాన్ని ఇవాళ చదివేవాళ్ళు పార్లమెంటులో సీట్లు అడిగినట్టు అనుకుంటారు. అది పొరపాటు. 1765 అక్టోబరులో న్యూయార్క్‌లో కూడిన తొమ్మిది కాలనీల సభ, ఇంత దూరాన ఉన్నవాళ్ళకు ఆ పార్లమెంటులో ప్రాతినిధ్యం సాధ్యమే కాదని తీర్మానించింది. నాలుగు సీట్లు ఇస్తే ఓటింగులో ఓడిపోయి పన్ను కట్టాల్సి వస్తుందని వాళ్ళకు తెలుసు. పన్ను వేస్తే మా అసెంబ్లీయే వేయాలి అన్నదే అసలు మాట. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ లాంటి ఊళ్ళకూ సొంత సభ్యులు లేరు, వాళ్ళు కట్టడం లేదా అని లండన్ ఎదురడిగింది. వాళ్ళకు సొంత అసెంబ్లీ పోయే భయం లేదన్నది ఆ ప్రశ్నలో లేదు.

సైనికులు ఎవరి ఇళ్ళలో ఉన్నారు?

1765 చట్టం సైనికులకు బసగా చూపింది బ్యారక్‌లు, అవి చాలకపోతే సత్రాలు, సారాయి కొట్లు, ఖాళీ ఇళ్ళు, కొట్టాలు. సంసారం ఉన్న ఇంట్లోకి పంపమనలేదు. గొడవ ఖర్చు దగ్గర. కట్టెలు, కొవ్వొత్తులు, దుప్పట్లు కాలనీ ఇవ్వాలి. ఇవ్వనన్న న్యూయార్క్ అసెంబ్లీ అధికారాన్ని నిలిపేస్తూ 1767లో పార్లమెంటు మరో చట్టం చేసింది. అంటే ఇదీ అసెంబ్లీ ఖజానా తగాదాయే.

1768లో బోస్టన్‌లో దిగిన పటాలాలు చివరికి అద్దె గిడ్డంగుల్లో సర్దుకున్నాయి. అసలు రాపిడి వీధుల్లో. చాలీచాలని జీతమున్న సైనికులు డ్యూటీ లేని వేళల్లో తక్కువ కూలికి పనులకు పోయేవారు. 1770 మార్చి 2న జాన్ గ్రే తాళ్ళ కర్మాగారంలో పని అడగబోయిన సైనికుడితో కూలీలకు మాటామాటా పెరిగి కర్రలతో కొట్టుకున్నారు. మూడు రోజుల తర్వాత కింగ్ స్ట్రీట్‌లో కాల్పులు, అయిదుగురి చావు. సైనికుల తరఫున కోర్టులో వాదించింది జాన్ ఆడమ్స్. ఆరుగురు నిర్దోషులుగా బయటపడ్డారు. కూలి పోటీ లేకుండా ఈ ఘటన జరిగేదో లేదో చెప్పలేం, పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఆ ముక్క అరుదుగా వస్తుంది.

టీ వెనుక మచిలీపట్నం దాకా

1767లో బ్రిటన్ ఆర్థిక మంత్రి చార్లెస్ టౌన్‌షెండ్ గాజు, సీసం, రంగులు, కాగితం, టీ మీద సుంకాలు వేశాడు. వచ్చే సొమ్ములోంచి గవర్నర్లకూ జడ్జీలకూ జీతాలు ఇవ్వొచ్చని ఆ చట్టంలోనే ఉంది. బర్నెట్ అడిగినప్పుడు కుదరనిది నలభై ఏళ్ళ తర్వాత ఇలా దొడ్డిదారిన వచ్చింది. బహిష్కరణల దెబ్బకు 1770లో మిగతావి తీసేసినా, టీ మీద పౌండుకు మూడు పెన్నీలు ఉంచేశారు. 1772 నాటికి మసాచుసెట్స్ గవర్నర్ థామస్ హచిన్సన్ జీతం రాజు ఖాతాకు మారింది. పై కోర్టు జడ్జీల జీతాలూ అదే దారి అన్న వార్త రాగానే, ఆ నవంబరులో బోస్టన్ ఊరి సభ ఉత్తరాల కమిటీని పెట్టింది. ఊరూరికీ సమాచారం చేరవేసిన ఆ కమిటీలే తర్వాత ఉద్యమానికి వెన్నెముక అయ్యాయి. అవి పుట్టింది జడ్జీల జీతాల మీద.

ఇక్కడ ఈస్టిండియా కంపెనీ అడుగుపెడుతుంది. 1765లో బెంగాల్ దివానీ (శిస్తు వసూలు హక్కు), 1766లో నిజాంతో ఒప్పందం మీద ఉత్తర సర్కారులు చేతికి రావడంతో కంపెనీ బంగారు గని అని లండన్ మదుపరులు ఎగబడ్డారు. కోస్తా తెలుగు జిల్లాల శిస్తు కూడా ఆ లెక్కల్లో భాగమే. కానీ సైన్యం ఖర్చు రాబడిని మింగేసింది. 1769లో హైదర్ అలీ దాడుల వార్త చేరగానే షేర్లు కూలాయి. బెంగాల్‌ను ఘోరమైన కరువు కమ్మింది. 1772లో లండన్ బ్యాంకుల సంక్షోభం వచ్చేసరికి కంపెనీ ప్రభుత్వానికి కట్టాల్సింది కట్టలేని స్థితి. గిడ్డంగుల్లో చైనా టీ మాత్రం వేల టన్నులు మూలుగుతోంది.

1773 టీ చట్టం ఈ కంపెనీని ఒడ్డున వేయడానికే. బ్రిటన్‌లో కట్టే సుంకం తిరిగి ఇచ్చేస్తారు, కంపెనీ తానే ఎంపిక చేసుకున్న ఏజెంట్ల ద్వారా నేరుగా అమెరికాలో అమ్ముకోవచ్చు. టీ చౌకవుతుంది, హాలండ్ నుంచి వచ్చే దొంగసరుకుతో పోటీపడుతుంది. అయితే మూడు పెన్నీల సుంకం అలాగే ఉంటుంది. జనం చౌక టీ తాగే కొద్దీ గవర్నర్ జీతం నిండుతుంది. బోస్టన్ ఏజెంట్లలో ఇద్దరు హచిన్సన్ కొడుకులే. స్మగ్లర్లకు గిరాకీ పోతుంది, ఏజెన్సీ రాని నిజాయితీ వ్యాపారికీ పోతుంది. సిద్ధాంతమూ లాభమూ ఇంత చక్కగా ఒకే వైపు నిలబడడం చరిత్రలో తరచు జరగదు. బెంగాల్‌ను ఆకలికి మాడ్చిన కంపెనీ ఇప్పుడు అమెరికా మీద పడుతోందని పెన్సిల్వేనియా లాయర్ జాన్ డికిన్సన్ ఆ ఏడాదే కరపత్రం రాశాడు.

ఓడ వచ్చిన 20 రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్ సరుకు జప్తు చేయొచ్చు. ఫిలడెల్ఫియా ఓడను వెనక్కి పంపేసింది. చార్లెస్టన్‌లో టీని గిడ్డంగిలో పడేశారు. హచిన్సన్ మాత్రం ఓడలు వెనక్కి పోనివ్వలేదు. ‘డార్ట్‌మౌత్’ ఓడ గడువు ముగిసే ముందు రాత్రి, 1773 డిసెంబరు 16న, మూడు ఓడల్లోని 340కి పైగా పెట్టెలు పగలగొట్టి సుమారు 42 టన్నుల టీని నీళ్ళపాలు చేశారు.

ఇదే హచిన్సన్‌కూ అసెంబ్లీకీ ఆ ఏడాది జనవరిలో బోస్టన్ బానిసలు తమ విడుదల కోసం అర్జీ పెట్టుకున్నారు. స్వేచ్ఛ గురించి పేజీలకు పేజీలు తీర్మానాలు రాసిన సభ ఆ అర్జీని పక్కన పెట్టింది.

ఖజానా చేతులు మారింది

1774లో పార్లమెంటు బోస్టన్ రేవును మూసింది. మసాచుసెట్స్ చార్టర్‌నే (కాలనీకి రాజు ఇచ్చిన పాలనా పత్రం) మార్చి, ఎగువ సభ సభ్యులను ఇకపై రాజు నియమిస్తాడంది. ఊరి సభలు గవర్నర్ అనుమతి లేకుండా ఏడాదికి ఒక్కసారే. తిరుగుబాటు బోస్టన్ నుంచి పల్లెలకు పాకింది ఇక్కడే. సెప్టెంబరు 6న వూస్టర్‌లో నాలుగు వేల పైచిలుకు మిలీషియా రైతులు దారికి రెండు పక్కలా బారులు తీరారు. కోర్టు అధికారులు టోపీలు చేతబట్టుకుని, కొత్త చట్టం కింద తాము పనిచేయబోమని రాసిన కాగితాన్ని పదే పదే చదువుతూ ఆ బారుల మధ్య నడిచారు. అప్పటికి ఒక్క తూటా పేలలేదు. యుద్ధానికి నాంది పలికిన లెక్సింగ్టన్ కాల్పులకు ఇంకా ఏడు నెలలుంది.

అక్టోబరులో కాలనీ ప్రతినిధులు సొంతంగా సభ పెట్టుకుని, పన్నుల సొమ్మును కాలనీ కోశాధికారి హారిసన్ గ్రేకు కట్టొద్దని, హెన్రీ గార్డ్‌నర్‌కు కట్టమని ఊళ్ళకు కబురు చేశారు. పన్ను మానేయమనలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక పన్నులు తగ్గలేదు. యుద్ధపు అప్పు తీర్చడానికి మసాచుసెట్స్ సొంత సభే మునుపటికన్నా చాలా ఎక్కువ వేసింది. 1786 సెప్టెంబరులో అప్పులపాలైన రైతులు తుపాకులతో వచ్చి అదే వూస్టర్ కోర్టును మళ్ళీ మూయించారు. ఈసారి వాళ్ళను అణచే చట్టం తయారీలో ముందు నిలిచినవాళ్ళలో, 1772లో ఉత్తరాల కమిటీ పెట్టించిన శామ్యూల్ ఆడమ్స్ ఉన్నాడు.